ప్రాణవాయువూ, తుపాకిమందూ: జోసెఫ్ ప్రీస్ట్‌లీ జీవితం

రసాయనశాస్త్రంలో తొలిపాఠాలు చదివిన ప్రతి విద్యార్థికి జోసెఫ్ ప్రీస్ట్‌లీ పేరు పరిచితమైనదే. పాదరసపు ఎర్రభస్మాన్ని గాజుపాత్రలో ఉంచి, పెద్ద భూతద్దంతో దానిమీదికి సూర్యరశ్మిని మళ్ళించి, ప్రాణవాయువును వెలికితీసినవాడు ఆయనే అని పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాలలో చెప్పి ముందుకు సాగిపోతవి. ఆ మాట సత్యమే. కాని ఆ పని చేసిన మనిషి వృత్తిరీత్యా రసాయనవేత్త కాడు. ఆయన మతబోధకుడు, ఉపాధ్యాయుడు, గ్రంథకర్త. గాలులను గురించిన పరిశోధన ఆయనకు తీరిక వేళల వ్యాసంగం మాత్రమే. ఆ వ్యాసంగంలో ఆయనకు తోడు నిలిచిన మిత్రులలో దౌత్యవేత్తలు, వైద్యులు, ఇనుప కొలుముల యజమానులు, పింగాణీ పాత్రలు చేయించేవారు, చివరకు ఒక తుపాకుల వర్తకుడు కూడ ఉన్నారు. వారి జాబులలో ఒక పుటలో గాలుల ప్రస్తావన ఉంటే, మరొక పుటలో తగలబడిన పట్టణాల ప్రస్తావన ఉండేది. విజ్ఞానం పెరిగినకొద్దీ మనిషిలోని క్రౌర్యం తగ్గుతుందా అన్న ప్రశ్న ఆయన జీవితమంతా ఆయనను వెంబడించినది.

ప్రీస్ట్‌లీ 1733 మార్చిలో ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో, బర్‌స్టాల్ అనే ఊరికి దగ్గర పుట్టినాడు. తండ్రి ఉన్నిబట్టలకు మెరుగుపెట్టే పనివాడు. ఆరుగురు బిడ్డలలో జోసెఫ్ పెద్దవాడు. చిన్నతనంలోనే తల్లి మరణించగా మేనత్త ఆయనను చేరదీసి పెంచినది. ఆ కుటుంబం రాజాదరణ గల ఇంగ్లండు చర్చిలో చేరనిది. అట్టివారిని ఆ దేశంలో అసమ్మతివాదులనేవారు. వారికి ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పట్టాలు లేవు; ప్రభుత్వోద్యోగాలకు అడ్డంకులుండేవి. అయినా ఆ మేనత్త ఇంటికి భిన్నాభిప్రాయాలు గల బోధకులు వచ్చి నిస్సంకోచంగా వాదించుకునేవారు. ఎదుటివాని అభిప్రాయాన్ని ఓర్పుతో వినడం, తన అభిప్రాయాన్ని దాచకుండా చెప్పడం ఆ బాలునికి అక్కడనే అలవడినవి.

ఆయనకు నత్తి ఉండేది. బోధకవృత్తికి అంతకంటె పెద్ద ఆటంకం మరొకటి లేదు. అయినా డావెంట్రీలోని అసమ్మతివాదుల విద్యాలయంలో చదువు ముగించి, 1755లో నీడ్‌హామ్ మార్కెట్ అనే చిన్న ఊళ్ళో బోధకుడుగా చేరినాడు. నత్తి వలన, స్వతంత్రమైన మతాభిప్రాయాల వలన అక్కడివారికి రుచించలేదు. 1758లో నాంట్‌విచ్‌కు వెళ్ళి బోధకపదవితోపాటు ఒక బడి కూడ నడిపినాడు. జీతం స్వల్పం. అయినా ఆ రాబడిలోనే మిగిల్చి, గాలిని తోడే యంత్రమొకటి, రాపిడితో విద్యుత్తు పుట్టించే యంత్రమొకటి కొన్నాడు. వాటిని అద్దాల బీరువాలో పెట్టి దూరంనుండి చూపించలేదు; శుభ్రపరచడం, నడపడం, తలిదండ్రులకు ప్రదర్శించడం పిల్లలచేతనే చేయించినాడు. శాస్త్రం చేతులతో నేర్చుకోవలసిన విద్య అని నమ్మిన ఉపాధ్యాయుడాయన.

1761లో వారింగ్టన్ విద్యాలయంలో భాషలు, సాహిత్యం బోధించే ఉపాధ్యాయుడైనాడు. ఆ సంవత్సరమే ఒక ఆంగ్ల వ్యాకరణం ప్రచురించినాడు. రసాయనశాస్త్రం మొదట విన్నది ఆ విద్యాలయంలోనే, మాథ్యూ టర్నర్ అనే వైద్యుడిచ్చిన ఉపన్యాసాలలో. 1762లో మేరీ విల్కిన్‌సన్‌ను వివాహమాడినాడు. ఆమె తండ్రి ఇనుప కొలుముల యజమాని. ఆమె అన్న జాన్ విల్కిన్‌సన్ తర్వాతి కాలంలో ఇంగ్లండులో పేరుమోసిన ఇనుప వర్తకుడై, సైన్యానికి ఫిరంగులు పోతపోసి ఇచ్చినాడు. ఆయన బావమరదికి ధనసహాయం చేస్తూ వచ్చినాడు. ఈ విషయం గుర్తుంచుకోదగినది. శాంతిని కోరిన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు ఫిరంగుల లాభం కూడ కొంత చేరినది.

ప్రీస్ట్‌లీ జీవితాన్ని మలుపు త్రిప్పిన పరిచయం 1765లో లండనులో జరిగినది. అమెరికా వలసల పక్షాన అక్కడ ఉంటూ ఉండిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తుమీద అప్పటికే ప్రసిద్ధుడు. విద్యుచ్ఛాస్త్ర చరిత్ర వ్రాయాలన్న ప్రీస్ట్‌లీ సంకల్పాన్ని ఆయన ప్రోత్సహించి, పుస్తకాలు సమకూర్చినాడు. 1766లో ప్రీస్ట్‌లీ రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. 1767లో ఏడువందలకు పైగా పుటలున్న ఆ గ్రంథం వెలువడినది. అప్పటినుండి ఫ్రాంక్లిన్ జీవించినంతకాలం ఆ స్నేహం చెదరలేదు. లండనులోని ఒక కాఫీశాలలో పక్షానికొకసారి గురువారంనాడు కూడే మిత్రమండలిలో వీరిద్దరూ ఉండేవారు. ధర్మశాస్త్రం, గణితం రెండింటిలోను దిట్ట అయిన రిచర్డ్ ప్రైస్ వారితో కలిసేవాడు. అక్కడ ఒకే బల్ల చుట్టూ విద్యుత్తు, గాలులు, పన్నులు, వలసప్రజల హక్కులు అన్నీ చర్చకు వచ్చేవి.

1767లో ప్రీస్ట్‌లీ లీడ్స్ పట్టణంలో బోధకుడుగా చేరినాడు. ఇంటి ప్రక్కనే బీరు కాచే కర్మాగారం. పులుస్తున్న ద్రవంమీద తేరి ఉండే గాలిలో కొవ్వొత్తి ఆరిపోవడం ఆయన దృష్టిని ఆకర్షించినది. అది బొగ్గుపులుసు గాలి. దానిని నీటిలో కరిగిస్తే చిరుపులుపుగల చక్కని పానీయమైనది. నేటి సోడానీటికి అది మూలం. ఆ విధానాన్ని 1772లో చిన్న పుస్తకంగా ప్రచురించి లోకానికి ఉచితంగా ఇచ్చినాడు. దానిమీద హక్కు కోరలేదు, ధనం ఆశించలేదు. దీర్ఘప్రయాణాలలో నావికులను పీడించే స్కర్వీ వ్యాధిని అది నివారిస్తుందన్న ఆశతో కెప్టెన్ కుక్ రెండవ యాత్రకు ఆ పరికరాలు పంపినారు. ఆ ఆశ ఫలించలేదు కాని, నావికుల ప్రాణాలు కాపాడాలన్న కోరిక ఆ ప్రయోగాల వెనుక ఉండినది.

ఆయన ప్రయోగశాల ధనికుల ప్రయోగశాల కాదు. బట్టలుతికే తొట్టి, ద్రాక్షసారా గ్లాసులు, ఖాళీ సీసాలు, బోనులో పట్టిన ఎలుకలు, ఇవే సాధనాలు. తొట్టినిండా నీరు పోసి, అందులో బోర్లించిన సీసాలోకి గాలిని పట్టేవాడు. నీటిలో కరిగిపోయే గాలులకు నీటి బదులు పాదరసం వాడినాడు. 1771 ఆగస్టులో, కొవ్వొత్తి మండి చెడిపోయిన గాలిలో పుదీనా రెమ్మ ఒకటి పెట్టి చూచినాడు. పదిరోజుల తర్వాత అదే గాలిలో కొవ్వొత్తి తిరిగి చక్కగా మండినది. జంతువులు, మంటలు పాడుచేసిన గాలిని మొక్కలు బాగుచేస్తున్నవని ఆయన గ్రహించినాడు. మరుసటి సంవత్సరం ఫ్రాంక్లిన్ లీడ్స్ వచ్చి, చెడ్డ గాలిలో ఏపుగా పెరుగుతున్న ఆ మొక్కలను స్వయంగా చూచి, ఇండ్ల దగ్గరి చెట్లను నరికే అలవాటు ఇకనైనా మానుతారేమోనని సంతోషించినాడు. 1773లో రాయల్ సొసైటీ ప్రీస్ట్‌లీకి కాప్లీ పతకమిచ్చి గౌరవించినది.

అదే సంవత్సరం షెల్‌బర్న్ ప్రభువు ఆయనను తన గ్రంథాలయానికి అధికారిగా, పిల్లల చదువుకు సలహాదారుగా నియమించుకున్నాడు. సాలుకు 250 పౌనుల జీతం, కావలసినంత తీరిక. కాన్ పట్టణంలో నివాసం. 1774 ఆగస్టు 1న, పన్నెండంగుళాల అడ్డుకొలత గల భూతద్దంతో పాదరసపు ఎర్రభస్మాన్ని వేడిచేయగా వచ్చిన గాలిలో కొవ్వొత్తి అత్యంత ప్రకాశంతో మండినది. 1775 మార్చిలో ఆ గాలిలో ఎలుకను ఉంచి చూడగా, మామూలు గాలిలో పావుగంట బ్రతుకుతుందనుకున్న ఎలుక అరగంట తర్వాత కూడ కోలుకోగలిగినది. ఆ తర్వాత తానే పీల్చి చూచినాడు. రొమ్ము తేలికపడినట్లనిపించినది. ఊపిరితిత్తుల జబ్బులలో ఈ గాలి ముందుముందు ఔషధంగా పనికిరావచ్చునని వ్రాసిపెట్టినాడు. స్వీడను దేశంలో షీలే అనే ఔషధవర్తకుడు ఇంతకుముందే ఈ గాలిని తయారుచేసినా, ఆయన గ్రంథం 1777వరకు వెలువడలేదు.

ఆ 1775 మార్చిలోనే మరొక సంగతి జరిగినది. ఇంగ్లండుకు, అమెరికా వలసలకు సంధి కుదిరే ఆశలు అడుగంటినవి. ఫ్రాంక్లిన్ స్వదేశానికి ప్రయాణమైనాడు. లండనులో ఆయన గడిపిన చివరి దినమంతా ప్రీస్ట్‌లీ తోడుగా ఉన్నాడు. అమెరికానుండి వచ్చిన వార్తాపత్రికలు చదివి, ఇంగ్లండు పత్రికలలో తిరిగి వేయదగిన భాగాలు ఇద్దరూ ఏరినారు. చదువుతూ ఉండగా ఫ్రాంక్లిన్‌కు కన్నీరు ధారలు కట్టి, చదువు సాగక ఆగిపోవలసి వచ్చినదని ప్రీస్ట్‌లీ తర్వాత జ్ఞాపకం చేసుకున్నాడు. యుద్ధం వస్తే అది పదేండ్లు సాగుతుందనీ, అమెరికా గెలుస్తుందనీ, తాను అంతం చూడననీ ఆ వృద్ధుడు భావించినాడు. గెలుపు తథ్యమని నమ్మినవాడే కన్నీరు పెట్టుకున్నాడన్నది గమనింపదగినది.

ఆయన సముద్రంమీద ఉండగానే లెక్సింగ్టన్‌లో తుపాకులు ప్రేలినవి. 1775 జూన్ 17న బంకర్ హిల్ పోరాటంలో ప్రక్కనున్న చార్లెస్‌టౌన్ పట్టణం అంటుకొని నాలుగువందల దాకా కట్టడాలు బూడిద అయినవి. జూలైలో ఫ్రాంక్లిన్ ఆ వార్తను ప్రీస్ట్‌లీకి వ్రాసినాడు. రేవుపట్టణాలను కాల్చడం మొదలైనదనీ, ఇట్లా చేసే ప్రభుత్వంమీద ప్రజలకు ప్రేమ ఎట్లా కలుగుతుందనీ ఆయన బాధ. అక్టోబరులో మరొక జాబు వచ్చినది. అందులో చేదైన లెక్క ఒకటి ఉన్నది. మూడు మిలియన్ల పౌనులు ఖర్చుచేసి ఇంగ్లండు ఆ ఏట చంపినది నూటయాభైమందిని. అంటే తలకు ఇరవైవేల పౌనులు. ఆ కాలంలోనే అమెరికాలో అరవైవేల మంది శిశువులు పుట్టినారు. ఈ అంకెలు గణితజ్ఞుడైన ప్రైస్‌కు ఇస్తే, అమెరికనులందరినీ చంపడానికి ఎంత ధనం, ఎంత కాలం పడుతుందో లెక్కకట్టగలడని ఫ్రాంక్లిన్ వ్యంగ్యం. నవ్వు పుట్టించే ఆ లెక్కలో చనిపోయినవారినీ, పుట్టినవారినీ, పన్ను కట్టేవారినీ ఒకే పట్టికలో నిలబెట్టడం ఉన్నది.

ప్రీస్ట్‌లీ కనుగొన్న గాలికీ ఈ యుద్ధానికీ లోతైన సంబంధం మరొకటి కలదు. తుపాకిమందులో ఉన్నవి సురేకారం, గంధకం, బొగ్గు. బిగించిన గొట్టంలో, బయటి గాలి అందనిచోట అది ఎట్లా మండుతుంది? సురేకారంలోనే ప్రాణవాయువు బంధింపబడి ఉన్నది. వేడి తగిలినపుడు అది విడివడి గంధకాన్ని, బొగ్గును క్షణంలో మండిస్తుంది. ఇంగ్లండుకు కావలసిన సురేకారంలో అధికభాగం మన బీహారు నేలలనుండి ఈస్టిండియా కంపెనీ ఓడలలో పోయేది. ఫ్రాన్సులో ఆ పని లవోయిజేకు అప్పగింపబడినది. 1774 అక్టోబరులో ప్రీస్ట్‌లీ పారిస్‌లో లవోయిజే ఇంట విందారగిస్తూ, పాదరసభస్మంనుండి వచ్చిన వింతగాలి సంగతి దాచకుండా చెప్పినాడు. మరుసటి సంవత్సరమే లవోయిజే తుపాకిమందు శాఖకు అధికారి అయినాడు. ఫ్రాన్సు తుపాకిమందు అమెరికాకు పోయి ఆ యుద్ధంలో ఉపయోగపడినది. మనుషులను బ్రతికించే గాలినీ, చంపే పొడినీ ఒకే మేధావి ఒకే కాలంలో పరిశీలించినాడు.

లవోయిజే ఆ గాలికి ఆమ్లజని అన్న అర్థం వచ్చే పేరు పెట్టి, దహనమంటే ఆ గాలితో కలియడమేనని నిరూపించినాడు. ప్రీస్ట్‌లీ దానిని అంగీకరించలేదు. మండే వస్తువులనుండి ఫ్లోజిస్టన్ అనే పదార్థం వెలువడుతుందన్న పాత సిద్ధాంతాన్ని తుదివరకు విడువలేదు. తాను కనుగొన్నదాని అర్థం తానే గ్రహింపలేకపోవడం ఆయనలోని లోపం. అయితే తన ప్రయోగాలను, వాటిలోని పొరపాట్లతో సహా, వెంటవెంటనే అచ్చువేసి అందరికీ అందించడం ఆయన గుణం. ఆ గుణం వల్లనే ఇతరులు ఆయనను సరిదిద్దగలిగినారు.

యుద్ధకాలంలో కూడ ఫ్రాంక్లిన్ జాబులు ఆగలేదు. 1780 ఫిబ్రవరిలో పారిస్‌నుండి వ్రాస్తూ, ప్రకృతిశాస్త్రం వేగంగా పెరుగుతున్నదనీ, నీతిశాస్త్రం కూడ అంతగా పెరిగి మనుషులు ఒకరికొకరు తోడేళ్ళు కాకుండా ఉంటే బాగుండుననీ కోరినాడు. 1782 జూన్‌లో మరింత కఠినంగా వ్రాసినాడు. అప్పుడే వెస్టిండీసు సముద్రంలో ఇంగ్లండు, ఫ్రాన్సు నౌకలు ఘోరంగా పోరాడినవి. భూలోకానికి మొదటిసారి వస్తున్న దేవదూత ఒకడు ఆ పొగ, మంటలు, తెగిన అవయవాలు చూచి, తనను నరకానికి తెచ్చినావేమని తోడు వచ్చినవానిని నిందించినట్లు, అది భూలోకమేననీ, పిశాచాలు తమలో తాము ఇంత క్రూరంగా ప్రవర్తించవనీ తోడువాడు బదులిచ్చినట్లు ఆయన ఒక కథ కల్పించినాడు. మనుషుల స్వభావం చూస్తూ ఉంటే, ప్రయోగాల కోసం అమాయకపు ఎలుకలను చంపినందుకు ప్రీస్ట్‌లీ ముందుముందు పశ్చాత్తాపపడవలసి వస్తుందేమోనని పరిహాసం చేసినాడు.

పరిహాసంతో ఆయన ఊరుకోలేదు. 1779లో అమెరికా పక్షపు నౌకలు కెప్టెన్ కుక్ ఓడను పట్టుకోరాదనీ, విజ్ఞానం కోసం తిరిగేవాడు శత్రువు కాడనీ ఉత్తరువు వ్రాసి ఇచ్చినాడు. కుక్ అప్పటికే మరణించిన సంగతి ఎవరికీ తెలియదు. 1785లో ప్రష్యాతో జరిగిన ఒడంబడికలో, యుద్ధం వచ్చినా స్త్రీలను, పిల్లలను, పండితులను, రైతులను, చేతిపనివారిని, చేపలు పట్టేవారిని హింసింపరాదనీ, వారి ఇండ్లు తగలబెట్టరాదనీ నిబంధన చేర్పించినాడు. సామాన్యప్రజల కష్టాన్ని రెండు రాజ్యాల మధ్య లిఖితపూర్వకంగా గుర్తించిన తొలి పత్రాలలో అది ఒకటి.

ప్రీస్ట్‌లీ 1780లో షెల్‌బర్న్ కొలువు విడిచి బర్మింగ్‌హామ్‌లో న్యూ మీటింగ్ ప్రార్థనామందిరానికి బోధకుడైనాడు. అక్కడ ఆయనకు లూనార్ సొసైటీలో స్థానం దొరికినది. నెలకొకసారి పున్నమికి దగ్గరి దినాన ఒకరి ఇంట భోజనానికి కూడి, ముచ్చట్లు ముగిసిన తర్వాత వెన్నెలలో ఇండ్లకు పోయేవారు కనుక ఆ సంఘానికి ఆ పేరు. ఆవిరియంత్రాల జేమ్స్ వాట్, ఆయన భాగస్వామి బోల్టన్, పింగాణీ పాత్రల వెడ్జ్‌వుడ్, వైద్యులు ఎరాస్మస్ డార్విన్, విదరింగ్, రసాయన కర్మాగారపు కీర్ అందులో సభ్యులు. ప్రీస్ట్‌లీకి కావలసిన పాత్రలు వెడ్జ్‌వుడ్ చేయించి పంపేవాడు. 1781లో ఉదజనిని మామూలు గాలితో కలిపి విద్యుత్తుతో ప్రేల్చినపుడు పాత్రలో మంచువంటి తడి కనిపించినది. దానినుండియే కావెండిష్, వాట్ నీటి స్వరూపాన్ని విచారించినారు.

ఆ సభ్యులలో సామ్యుయెల్ గాల్టన్ ఒకడు. కాంతి, వర్ణాలమీద అతనికి ఆసక్తి. ప్రీస్ట్‌లీ ప్రయోగాలకు ధనసహాయం చేసినవారిలో అతడు కూడ ఉన్నాడు. అతడు క్వేకర్ మతస్థుడు. యుద్ధం పాపమన్నది ఆ మతంలో ముఖ్యసూత్రం. అయితే అతని కుటుంబవృత్తి తుపాకుల తయారీ. ఆ తుపాకులు సైన్యానికీ, బానిసవర్తకులద్వారా ఆఫ్రికాకూ పోయేవి. 1788లో బానిసవర్తకాన్ని ఖండిస్తూ ఉపన్యసించి, దానిని అచ్చువేసిన ప్రీస్ట్‌లీ, ఆ గాల్టన్ ఒకే బల్ల దగ్గర భుజించేవారు. అక్కడివారు ఒకరి మత రాజకీయాల జోలికి ఒకరు పోకుండా, విజ్ఞానంమీది ప్రేమతో మాత్రమే ఏకమై ఉండేవారని ప్రీస్ట్‌లీ తర్వాత వ్రాసినాడు. 1796లో క్వేకర్లు గాల్టన్‌ను తుపాకుల వర్తకం కారణంగా తమ సంఘంనుండి వెలివేసినారు. యుద్ధానికి పన్ను కట్టేవారు, సరుకులమ్మేవారు అందరూ అందులో భాగస్వాములే కాగా తననొక్కనినే దోషిని చేయడం న్యాయమా అని అతడు వాదించినాడు. ఆ వాదం అతని వృత్తిని శుద్ధిచేయదు. కాని యుద్ధపు ఖర్చులో తమ వంతు ఎంతో చూచుకోవలసిన బాధ్యతను అది అందరిమీద మోపుతుంది. బావమరది ఫిరంగుల ధనంతో పరిశోధన సాగించిన ప్రీస్ట్‌లీ కూడ అందులో ఒకడు.

ప్రీస్ట్‌లీ మాత్రం తన అభిప్రాయాలను దాచేవాడు కాడు. 1785లో, స్వేచ్ఛావిచారణ అంటే మూఢవిశ్వాసాల పాతభవనం క్రింద గింజ గింజగా తుపాకిమందు పేర్చడం వంటిదని ఒక ఉపమానం వాడినాడు. అది వట్టి ఉపమానమే. కాని ప్రత్యర్థులు దానిని పార్లమెంటులో కూడ చదివి వినిపించి, తుపాకిమందు జో అన్న పేరు కట్టబెట్టినారు. 1791 ప్రారంభంలో ఫ్రాన్సు విప్లవాన్ని సమర్థిస్తూ ఎడ్మండ్ బర్క్‌కు సమాధానం వ్రాసినాడు. ప్రజలే ప్రభుత్వాలకు యజమానులైననాడు యుద్ధాలు అరుదవుతవనీ, వాటికి వ్యయమయ్యే ధనంతో కాలువలు, వంతెనలు, బాటలు, గ్రంథాలయాలు, ప్రయోగశాలలు కట్టవచ్చుననీ అందులో ఆశపడినాడు. ఆ సంవత్సరం తిరగకముందే ఆయన సొంత గ్రంథాలయం, ప్రయోగశాల నేలమట్టమైనవి.

1791 జూలై 14న, బాస్టీల్ కోట పతనమై రెండేండ్లు నిండిన సందర్భాన బర్మింగ్‌హామ్‌లో కొందరు విందు చేసుకున్నారు. ప్రీస్ట్‌లీ ఆ విందుకు పోలేదు. అయినా చర్చి పేరు, రాజు పేరు చెప్పి కూడిన జనం రెండు ప్రార్థనామందిరాలను తగలబెట్టి, ఆయన ఇంటిమీదికి బయలుదేరినది. ఆ రాత్రి ఆయన భార్యతో పాచికలాడుతూ ఉండగా వార్త తెలిసినది. కట్టుబట్టలతో ఇల్లు విడిచినారు. కుమారుడు ఇంట్లోని నిప్పంతా ఆర్పివేసినాడు. నిండువెన్నెల. గాలి కదలిక లేదు. మిట్టమీద నిలబడిన ప్రీస్ట్‌లీకి తలుపులు పగిలే చప్పుడు, అల్లరిమూక కేకలు స్పష్టంగా వినిపించినవి. నిప్పు దొరకక, వెలుగుతున్న కొవ్వొత్తి తెచ్చినవానికి రెండు గినీలిస్తానని ఒకడు అరచినాడు. ఆయన విద్యుద్యంత్రంనుండి నిప్పు పుట్టించాలని కూడ ప్రయత్నించి విఫలులైనారట. చివరకు ఎట్లాగో నిప్పు అంటినది. ఇరవైయేండ్లకు పైగా కూర్చిన పరికరాలు, వ్రాతప్రతులు నాశనమైనవి. లూనార్ మిత్రులు ఇండ్లకు పోవడానికి దారి చూపిన వెన్నెలే ఆ రాత్రి దొమ్మీకాండ్రకూ దారి చూపినది. మూడునాళ్ళు పట్టణం వారి వశమైనది. బోల్టన్, వాట్ తమ పనివారికి ఆయుధాలిచ్చి కర్మాగారాన్ని కాపాడుకున్నారు.

ప్రీస్ట్‌లీ మరల బర్మింగ్‌హామ్‌లో నివసించలేదు. న్యాయస్థానం నష్టపరిహారం ఇప్పించినది కాని అది ఆయన కోరినదానికంటె తక్కువ. లండను దగ్గరి హాక్నీలో, అప్పుడే మరణించిన ప్రైస్ స్థానంలో బోధకుడైనాడు. అక్కడి కళాశాలలో చరిత్ర, రసాయనశాస్త్రం బోధించినాడు. రాయల్ సొసైటీలో పాతమిత్రులు కొందరు ముఖం చాటువేసినారు. 1792లో ఫ్రాన్సు ఆయనకు పౌరసత్వమిచ్చినది. ఆ గౌరవం ఇంగ్లండులో మరింత ద్వేషానికి కారణమైనది. 1793 ఫిబ్రవరిలో రెండు దేశాలకు యుద్ధం మొదలైనది. యుద్ధవిజయం కోసం జాతి అంతా ఉపవాసముండి ప్రార్థించవలసినదని ప్రభుత్వం 1793లోను, 1794లోను దినాలు నిర్ణయించినది. ఆ రెండు దినాలలోను ప్రీస్ట్‌లీ ఉపన్యసించినాడు. విజయం కోరడానికి బదులు, రక్తపాతంతో నిండిన యూరపు దుఃస్థితిని తలచి పశ్చాత్తాపపడవలసినదని ఆయన భావం. రెండవ ఉపన్యాసాన్ని అచ్చువేసినపుడు, స్వదేశం విడవడానికి తన కారణాలను దానికి పీఠికగా వ్రాసినాడు.

1794 ఏప్రిల్‌లో భార్యతో కూడ ఓడ ఎక్కినాడు. ఆయన నడిసముద్రంలో ఉండగా, మే 8న పారిస్‌లో లవోయిజే శిరస్సును విప్లవప్రభుత్వం ఖండించినది. ఆయనమీది నేరారోపణ రసాయనశాస్త్రానికి సంబంధించినది కాదు. రాజుకాలంలో పన్నులు గుత్తకు తీసుకున్న సంఘంలో భాగస్వామి కావడం. ప్రాణవాయువు చరిత్రలో పేరుగాంచిన ఇద్దరిలో ఒకరి ఇంటిని రాజభక్తులు కూల్చినారు. మరొకరి ప్రాణాన్ని విప్లవకారులు తీసినారు. ఏ పక్షమూ క్రౌర్యానికి అతీతం కాలేదు.

అమెరికాలో ఫిలడెల్ఫియా విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర పీఠమిస్తానన్నా ఆయన అంగీకరించలేదు. సస్క్విహానా నది ఒడ్డున నార్తంబర్లండ్ అనే చిన్న ఊళ్ళో ఇల్లు, ప్రయోగశాల కట్టుకున్నాడు. 1795లో చిన్న కుమారుడు హారీ, 1796లో భార్య మేరీ మరణించినారు. అక్కడ కూడ యుద్ధజ్వరం ఆయనను వదలలేదు. 1798లో ఫ్రాన్సుతో అమెరికా తగవు ముదిరినపుడు, పరదేశీయులను వెళ్ళగొట్టే శాసనం వచ్చినది. ప్రీస్ట్‌లీని వెడలగొట్టాలని కొందరు కోరగా అధ్యక్షుడు ఆడమ్స్ సమ్మతించలేదు. తర్వాతి అధ్యక్షుడు జెఫర్‌సన్ ఆయనకు ఆప్తుడైనాడు. 1804 ఫిబ్రవరి 6 ఉదయం, పడకమీదనే ఒక పుస్తకానికి సవరణలు చెప్పి వ్రాయించి, వినిపించుకొని, సరిగా ఉన్నదని తృప్తిపడి, కొద్దిసేపటికే కన్నుమూసినాడు.

1874 ఆగస్టు 1న, ప్రాణవాయువు కనుగొని నూరేండ్లయిన దినాన, అమెరికా రసాయనవేత్తలు ఆయన సమాధి ఉన్న ఆ ఊళ్ళోనే సమావేశమైనారు. రెండేండ్లకు వారి జాతీయసంఘం ఏర్పడినది. ఆయన పేరిట 1923నుండి పతకం ఇస్తున్నారు. ఊపిరితిత్తుల జబ్బులకు ఆ గాలి ఔషధమవుతుందన్న ఆయన ఊహ ఎంత నిజమో 2021 వేసవిలో మన ఆసుపత్రుల ముందు ప్రాణవాయువు సిలిండర్ల కోసం నిలబడిన కుటుంబాలకు తెలుసు. అదే 1774లో షీలే కనుగొన్న మరొక గాలి, హరితవాయువు. 1915 ఏప్రిల్‌లో ఈప్ర పట్టణం దగ్గర దానినే యుద్ధంలో వేలాది మనుషులమీద వదలినారు.

విజ్ఞానం తనంతట తానే మనిషిని మెత్తబరచదని ప్రీస్ట్‌లీ జీవితమే చెబుతుంది. ఆయన మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. ఇల్లు కాలినా, దేశం విడిచినా, సత్యాన్ని బాహాటంగా పదిమందితో పంచుకుంటే మంచి జరుగుతుందన్న నమ్మకంతోనే చివరి ఉదయంవరకు వ్రాసినాడు. ఫ్లోజిస్టన్ విషయంలో ఆయన పట్టుదల తప్పు. ఈ రెండవ పట్టుదల తప్పో ఒప్పో తేల్చవలసినవారు, ఆయన కనుగొన్న గాలిని గురించి నేడు తరగతిగదులలో చదువుకుంటున్నవారు.